సొమ్మొకరిది, సంబరం ఇంకొకరిది

రండి బాబూ రండి! డబ్బు కట్టండి, పళ్లెం పట్టండి, ఇసుక కడగండి, బంగారం పట్టుకెళ్లండి! ఆలసించిన ఆశాభంగం!

ఆస్ట్రేలియాలో ఒకప్పుడు బంగారం పడిన ఊళ్లకు ఏడాదికోసారి పూనకం వస్తుంది. ముద్దుపేరు హెరిటేజ్ ఫెస్టివల్. మెయిన్ రోడ్డు మూసేస్తారు. బ్యాంకు మేనేజరు గడ్డం అంటించుకుని గని కార్మికుడైపోతాడు. వాళ్లావిడ నేల ఊడ్చే గౌను తొడుక్కుని గొడుగు పట్టుకుంటుంది. ఏడాది పొడుగునా పార ముట్టని మేయరుగారు మెడలో గొలుసుతో వచ్చి, ఫొటో కోసం పార ఎత్తుతారు. ఒకపక్క సాసేజీలు కాలుతుంటాయి. ఇంకోపక్క తొట్టి చుట్టూ పిల్లలు. తొట్టి ఇసుకలో నిర్వాహకులే చల్లిపెట్టిన రజను. ఓ బుడ్డాడు పళ్లెం అటూ ఇటూ ఊపుతాడు. మట్టి జారిపోతుంది. అడుగున ఆవగింజలో పదోవంతు మెరుస్తుంది. కేక పెడతాడు. చిన్న గాజుసీసాలో నీళ్లు పోసి, ఆ నలుసు అందులో వేసి, మూత బిగించి చేతికిస్తారు. కష్టపడ్డవాడికే బంగారం దక్కుతుందని పిల్లాడు ఆ పూటే నేర్చేసుకుంటాడు.

బంగారం ఇంత న్యాయంగా పంచిన రోజు ఆ దేశ చరిత్రలో ఇంకోటి లేదు. అనుమానం వచ్చేది అక్కడే.

ప్రారంభ సభ చూడండి. ముందుగా ఒక కాగితం చదువుతారు. ఈ నేలకు తొలి యజమానులైన ఆదివాసులకు మా వందనం, వారి పెద్దలకు మా గౌరవం. ఆస్ట్రేలియాలో ఇప్పుడు చాలా అధికారిక సభలకు ఆ ముక్కతోనే మొదలు. అర నిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత స్పాన్సర్లకు కృతజ్ఞతలు. అది మాత్రం ఒక పట్టాన తెమలదు. యజమాని ఎవరో తెలుసు. ఒప్పుకున్నారు. దండం పెట్టారు. మరి అద్దె? అబ్బే, పండుగపూట ఆ మాటలెందుకండీ!

సరే, అద్దె వద్దు. పేరైనా ఇచ్చారా?

1851 జులై. న్యూ సౌత్ వేల్స్‌లో మెరూ వాగు ప్రాంతం. గొర్రెలు కాసుకునే ఓ ఆదివాసీ కాపరి కళ్లకు ఒక రాయి తేడాగా కనిపించింది. అతనిది విరాజురి జాతి. రాయి లోపల బంగారం. ఎంత? దాదాపు 40 కిలోలు. వలస రాజ్యమంతా నోరు వెళ్లబెట్టింది. ఆ నిధిని చరిత్ర ఏ పేరుతో గుర్తుపెట్టుకుంది? 'కెర్స్ హండ్రెడ్‌వెయిట్'. ఈ కెర్ ఎవరు? గొర్రెల ఆసామి. చూసిన కళ్లు కాపరివి, మిగిలిన పేరు దొరది. కాపరికి ఏం ముట్టింది? గొర్రెలు, గుర్రాలు, తిండి సామాను. తన తాతల నేల మీద, తన కంటితో పట్టుకున్న బంగారానికి దొరగారి బహుమతి. ఎంత దొడ్డ మనసు!

పోనీ తెల్లవాళ్లలో తెల్లవాళ్లకైనా న్యాయం జరిగిందా? అదీ చూద్దాం. ఆస్ట్రేలియా బంగారానికి ఆద్యుడు ఎడ్వర్డ్ హార్‌గ్రేవ్స్ అని పాత పాఠం. 1851 ఫిబ్రవరిలో వాగులో కొన్ని నలుసులు చూశాడు. కూడా వచ్చిన కుర్రాళ్లకు ఇసుక కడగడం నేర్పాడు, వెళ్లిపోయాడు. గిట్టుబాటయ్యేంత బంగారం తీసింది ఆ కుర్రాళ్లే. జాన్ లిస్టర్, టామ్ సోదరులు. ఈలోగా మనవాడు సిడ్నీలో కనిపెట్టింది నేనే అని చాటేసుకున్నాడు. ప్రభుత్వం 10,000 పౌండ్లు చేతిలో పోసింది. 1877 నుంచి ఏటా 250 పౌండ్ల పింఛను కూడా. లిస్టర్, టామ్‌లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. చివరికి 1890లో శాసనసభ కమిటీ వేసింది. లిస్టర్ సాక్ష్యం చెప్పకముందే కన్నుమూశాడు. గిట్టుబాటయ్యే బంగారం ముందు కనిపెట్టింది వీళ్లేనని కమిటీ తేల్చింది. నలభై ఏళ్లకి! కమిటీలంటే ఏమిటో తెలుగు పాఠకుడికి విడమరిచి చెప్పాలా?

ఇదంతా చిల్లర. అసలు ఊరికి వద్దాం.

ఊరి పేరు యంగ్. సిడ్నీ నుంచి కారులో నాలుగు గంటల పైచిలుకు. 1860లో అక్కడ బంగారం పడింది. అప్పుడు దాన్ని లాంబింగ్ ఫ్లాట్ అనేవారు. నెలల్లో వేలమంది దిగారు. వాళ్లలో చైనా నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వీళ్లు చేసిన నేరాలేమిటి? గుంపుగా పనిచేస్తారు. తెల్లవాళ్లు విసుగొచ్చి వదిలేసిన మట్టిదిబ్బల్ని ఓపిగ్గా మళ్లీ కడుగుతారు. వాగునీళ్లు పాడు చేస్తారట. పొదుపు చేసి ఇంటికి పంపుతారట. బయటినుంచి వచ్చి మా పొట్ట కొడుతున్నారు అనే పాట ఏ దేశంలో వినలేదు మీరు? తామంతా బయటినుంచి వచ్చినవాళ్లే అయిన ఊళ్లో కూడా ఆ పాట హిట్టయింది. గొప్ప అంటే అదీ.

1860 చివరి నుంచే దాడులు మొదలు. 1861 మార్చిలో న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ చార్లెస్ కౌపర్ స్వయంగా వచ్చాడు. గని కార్మికులకు నచ్చజెప్పాడు. సైన్యమూ వచ్చింది. మే నెలాఖరుకు సైన్యం సామాను సర్దుకుని వెళ్లిపోయింది. నాయకుడు వచ్చాడు, మాట్లాడాడు, వెళ్లాడు. పరిస్థితి అదుపులో ఉంది. ఈ వాక్యం ఎన్నిసార్లు చదవలేదు మనం?

నెల తిరిగిందో లేదో. జూన్ 30. ఆదివారం. సుమారు 3,000 మంది బారులు తీరారు. ముందు బ్యాండు మేళం. చేతుల్లో దుడ్డుకర్రలు. తలల పైన ఒక బ్యానరు, గుడారం గుడ్డ మీద రంగులతో రాసింది. ఏమని? 'రండి, రండి. చైనావాళ్లు వద్దు.'

అచ్చం జాతరకు పిలిచినట్టే పిలిచారు. నిజంగానే జాతరలా వెళ్లారు. గుడారాలు తగలబెట్టారు. ఉన్నదంతా ఊడ్చుకున్నారు. దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టారు. అందితే జుట్టు అని మనం సామెతకు అంటాం. అక్కడ నిజంగానే జుట్టు అందింది. చైనావాళ్ల జడలు పట్టుకుని కోసేశారు, కొన్నిచోట్ల తోలుతో సహా. జూన్ అంటే అక్కడ నడి చలికాలం. ఒంటిమీద బట్టతో వెయ్యిమందికి పైగా పరుగెత్తారు. కరవాంగ్‌లో జేమ్స్ రాబర్ట్స్ అనే ఒక పశువుల ఆసామి వాళ్లకు తిండి పెట్టి నీడనిచ్చాడు. మూడు వేలమంది ఒకవైపు. ఒక్క మనిషి ఒకవైపు. మరి పండుగ పోస్టరు మీద ఎప్పుడూ కనిపించే గడ్డం ఎవరిది? ఆ మూడు వేలలో ఒకడిది.

తర్వాత? చట్టం తన పని తాను చేసుకుపోయింది. జైలుకెళ్లినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అదే ఏడాది నవంబరులో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. అల్లరిమూకల నివారణ చట్టమా? అంత ఆశ పడకండి. చైనావాళ్ల రాకను అడ్డుకునే చట్టం. రేవులో దిగే ప్రతి చైనావాడూ 10 పౌండ్లు కట్టాలి. ఓడ మోసే ప్రతి 10 టన్నులకు ఒక్క చైనావాడే ఎక్కాలి. కొట్టినవాడికి జరిమానా లేదు. కొట్టించుకున్నవాడి అన్నదమ్ములకు జరిమానా. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం చూశాం. ఇక్కడ కొట్టినవాళ్లు మొగసాలకెక్కేసరికి ప్రభుత్వమే పీట వేసి కూర్చోబెట్టింది.

ఈ తెలివి వాళ్ల సొంతం కూడా కాదు. పొరుగున విక్టోరియా 1855లోనే ఇదే పన్ను, ఇదే టన్నుల లెక్క పెట్టింది. అప్పుడు చైనావాళ్లు ఏం చేశారు? విక్టోరియా సరిహద్దు అవతల, దక్షిణ ఆస్ట్రేలియాలో రోబ్ అనే చిన్న రేవులో దిగారు. 16,000 మందికి పైగా. అక్కణ్ణించి వందల కిలోమీటర్లు కాలినడకన గనులకు వెళ్లారు. అలా నడిచి వస్తున్న ఒక బృందానికి 1857లో దారిలోనే భారీగా బంగారం తగిలింది. అరారట్ పట్నం అలా లేచింది. రానివ్వకూడదని పన్నేస్తే, వచ్చినవాళ్లు నడిచిన దారిలో ఊరు పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు గర్వంగా ఆ కథ చెప్పుకుంటుంది. 10 పౌండ్లు మాత్రం ఎవరూ వాపసు చేయలేదు.

లాంబింగ్ ఫ్లాట్ పేరు ఏమైంది? అల్లర్ల ఏడాదే ఊరికి గవర్నర్ సర్ జాన్ యంగ్ పేరు పెట్టారు. పేరు మారితే మచ్చ పోతుందిగా, మనకు తెలియని విద్యా? కానీ పండుగ దగ్గరికొచ్చేసరికి పాత పేరు ముద్దొచ్చింది. లాంబింగ్ ఫ్లాట్ ఫెస్టివల్! నెత్తురంటినప్పుడు అక్కర్లేని పేరు, టూరిస్టు వచ్చేసరికి బ్రాండయింది.

'అలా అనకండి, మా ఊరు దాచుకోలేదు' అంటారు అక్కడి పెద్దలు. నిజమే. ఆ బ్యానరు ఊరి మ్యూజియంలోనే ఉంది. భద్రంగా, అద్దం వెనక. చైనావాళ్ల గౌరవార్థం చెరువు పక్కన అందమైన తోట కూడా వేశారు. తోరణాలు, వంతెన, బాతులు. ఎప్పుడు? వంద ఏళ్లు దాటాక, తన్నులు తిన్నవాళ్లు ఒక్కరూ మిగలని ఇరవయ్యో శతాబ్దం చివర్లో. తోట మంచిదే. బాతులూ మంచివే. ఆ చెరువు పేరేమిటి మరి? చైనామన్స్ డ్యామ్. 'చైనామన్' అని ఎదురుగా నిలబడి పిలిస్తే తిట్టు కింద లెక్క. బోర్డు మీద రాస్తే వారసత్వం.

తోట వేయడం సులువు. లెక్క చెప్పడం కష్టం.

ఒక్క యంగ్‌నే ఆడిపోసుకుంటే పాపం. ఇంకో బంగారు ఊరు బెండిగో సంగతి చూడండి. అక్కడ 1871 నుంచి ఈస్టర్ ఉత్సవం. చైనావాళ్ల డ్రాగన్ లేకపోతే ఆ ఊరేగింపుకు కళే లేదు. ఆ ఉత్సవం పుట్టింది దేనికి? ఆసుపత్రికీ నిరాశ్రయుల ఆశ్రమానికీ చందాలు పోగెయ్యడానికి. అంటే వాళ్లను తరిమేద్దామని 1854లో సభలు పెట్టిన ఊళ్లోనే, ఊరి రోగుల కోసం వాళ్లు పట్టుబట్టలు కట్టి ఆడారు. 1901లో ఆస్ట్రేలియా ఒక్క దేశమైంది. మెల్‌బోర్న్‌లో సంబరాలు. బెండిగో డ్రాగన్ లూంగ్ అక్కడా ఆడింది. జనం చప్పట్లు. అదే ఏడాది డిసెంబరులో కొత్త పార్లమెంటు వలస నిరోధక చట్టం చేసింది. తెల్ల ఆస్ట్రేలియా విధానమంటే అదే. డ్రాగన్ రావచ్చు. దాన్ని మోసేవాడు రాకూడదు.

ఆ చట్టం చైనావాళ్ల కోసమే అనుకుని మనం నిట్టూర్చి పేజీ తిప్పేయకూడదు. అది మనకూ వర్తించింది. అధికారికి నచ్చని మొహం రేవులో దిగితే డిక్టేషన్ పెట్టేవాడు. యాభై మాటలు, ఏదో ఒక యూరప్ భాషలో. ఏ భాష? నీకు రాని భాష. 1934లో ఎగాన్ కిష్ అనే చెక్ రచయిత వచ్చాడు. ఆయనకు యూరప్ భాషలు చాలా వచ్చు. అందుకని స్కాట్లాండ్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు! ఆ పరీక్ష చెల్లదని హైకోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి. డిక్టేషన్ నాటకం 1958 దాకా నడిచింది. ఇప్పుడు మెల్‌బోర్న్ తెలుగు కుటుంబాలు సెలవొస్తే బల్లారట్‌లో బంగారు గనుల నాటి ఊరిని మళ్లీ కట్టి చూపించే సావరిన్ హిల్‌కి వెళ్తాయి. పులిహోర డబ్బా, పిల్లలు, రేకు పళ్లెం, సెల్ఫీ. వెళ్లండి, తప్పులేదు. మీ తాతగారు ఆ రేవులో దిగి ఉంటే పళ్లెం దాకా రానిచ్చేవారు కాదని పిల్లలకు ఒక ముక్క చెప్పారా?

'అయిపోయిన పెళ్లికి బాజాలెందుకు, ఇప్పుడు కాలం మారింది' అంటారా? మారిందా? యంగ్‌కే మళ్లీ వెళ్దాం. బంగారం పోయాక ఆ ఊరికి చెర్రీలు వచ్చాయి. డిసెంబరు ప్రాంతంలో దానికీ ఒక జాతీయ పండుగ. ఎర్రటి పళ్లు, తెల్లటి నవ్వులు. ఆ దేశపు తోటల్లో పళ్లు కోసేది ఎవరు? చాలా చోట్ల 'వర్కింగ్ హాలిడే' వీసా మీద వచ్చిన పరాయిదేశం కుర్రాళ్లు. కూలి ఎలా? కోసిన బకెట్ల లెక్కన. గంటకు కనీసం ఇంత తగ్గకూడదన్న హామీ ఈ లెక్కన కోసేవాళ్లకు 2022 ఏప్రిల్‌లో గానీ రాలేదు. 1861 కాదండీ. 2022.

ఇంకా ఉంది. ఆ వీసా రెండో ఏడాదికి పొడిగించాలంటే ఇలాంటి పల్లె పనులు 88 రోజులు చేయాలి. తైవాన్ పిల్ల చేయాలి. కొరియా పిల్లాడు చేయాలి. 2024 జులై నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాడు చేయక్కర్లేదు! ఒప్పందం అలా కుదిరిందట. కుదురుతుంది. ఎందుకు కుదరదు? మనవాళ్లకూ 2024లో తలుపు తీశారు. ఏటా వెయ్యిమందికి. లాటరీ మీద. లాటరీ తగిలాక, రెండో ఏడాది కావాలంటే ఆ 88 రోజులు మనవాడికీ తప్పవు. ఓడ మోసే 10 టన్నులకు ఒకడన్న లెక్క కంటే ఇది మర్యాదగానే ఉంది, ఒప్పుకుంటాను. పది పౌండ్లు అడగడం లేదు. దరఖాస్తు ఫీజు అంటున్నారు.

అందుకని పండుగలు మానేయాలా? ఎవరన్నారు? చేయండి. ఘనంగా చేయండి. కాకపోతే వారసత్వం అని బ్యానరు కట్టాక మొత్తం వారసత్వం చూపించండి. కార్యక్రమ పత్రం మా తరఫున ఉచితంగా రాసిస్తున్నాం.

గేటు టికెట్టు: తలకు 10 పౌండ్లు. అందరికీ కాదు. ఎవరికో కాపలావాడు మొహం చూసి చెబుతాడు. రసీదు ఉండదు.

పార్కింగ్: వాహనం 10 టన్నులు తూగితే ఒకరు దిగవచ్చు. మిగతావాళ్లు పక్క జిల్లాలో దిగి నడిచి రావాలి.

పిల్లల బంగారు తొట్టి: నలుసు దొరికిన పిల్లాడి పేరు రాయరు. వాడి వెనక నిలబడ్డ ఆసామి పేరు రాస్తారు. పిల్లాడికి ఒక గొర్రె బొమ్మ.

మేయరుగారికి ప్రత్యేక పోటీ: డిక్టేషన్. యాభై మాటలు. తెలుగులో. దీర్ఘాలూ ఒత్తులూ తప్పకూడదు. బండి 'ఱ' ఎక్కడ రాయాలో మేం చెప్పం. తప్పితే ఊళ్లోకి ప్రవేశం లేదు. అప్పీలు నలభై ఏళ్ల తర్వాత కమిటీ వింటుంది.

బ్యాండు మేళం: జూన్ 30న, చలిలో. ఆ రోజు తరిమినవాళ్ల వేషాలు కట్టినవాళ్లు ఈసారి తరిమించుకునేవాళ్ల వేషాలు కట్టాలి. కరవాంగ్ దాకా. చెప్పులు లేకుండా.

ముగింపు సభ: స్పాన్సర్ల జాబితా బదులు చెర్రీ కోసినవాళ్ల జీతం స్లిప్పులు మైకులో చదవాలి. పేర్లు తప్పు పలకకుండా.

ఇలా చేస్తే జనం వస్తారా? రారు. స్పాన్సర్లు మొదటి పేరా చదివి ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఇది పండుగా, పగ తీర్చుకోవడమా అని కౌన్సిల్‌లో తీర్మానం పెడతారు. పిల్లల మనసు నొచ్చుకుంటుందని అమ్మలు ఉత్తరాలు రాస్తారు. అంటే ఒక్క పూట, ఆటగా, డబ్బు వాపసు హామీతో కూడా మీరు భరించలేనిదాన్ని కొందరు బతుకంతా నిజంగా భరించారు. వాళ్ల చెమట మీద లేచిన భవనాలు మీకు కావాలి. వాళ్ల డ్రాగన్ కావాలి. వాళ్లు వండిన నూడుల్స్ కావాలి. వాళ్లకు పడ్డ బాకీ మాత్రం ఏ కాలానిదో, ఏ తాతదో. ఆస్తికి వారసులం, అప్పుకు కాదంటే ఏ మునసబు కోర్టూ ఒప్పుకోదు. పండుగ కమిటీ మాత్రం ఏటా ఏకగ్రీవంగా ఒప్పుకుంటుంది.